మొదటి బస్సులో వచ్చు విద్యార్థి



జహీరాబాదు బస్సుస్టాండులో ఉదయము ఏడున్నర మొదలు తొమ్మిది గంటలవఱకు నిలుచుండి చూచినవారికి ఆ ఊరి కళాశాలలను గూర్చి వేఱుగా చెప్పనక్కఱలేదు. ఝరాసంగమునుండి, న్యాల్‌కల్‌నుండి, కోహీరునుండి, మొగుడంపల్లినుండి ఒకదాని వెనుక నొకటిగా బస్సులు వచ్చి ఆగును. వానినుండి దిగువారిలో పెక్కుమంది వీపున సంచులు తగిలించుకొన్న బాలురు, బాలికలు. ఒకరు తెలుగులో మాటాడుదురు, ఒకరు ఉర్దూలో మాటాడుదురు, సరిహద్దు పల్లెలవారు కన్నడములో మాటాడుదురు. ఒక్క వాక్యములోనే ఈ మూడింటిని కలిపి మాటాడువారును కలరు. హైదరాబాదునకు నూఱు కిలోమీటర్లకు పైబడిన దూరమున, బీదరునకు చేరువగా, 65వ జాతీయ రహదారిమీద నున్న ఊరు గనుక అక్కడి మాట అట్లే యుండును.

మేము చాలకాలము అధ్యాపక వృత్తిలో నుండి, ఇట్టి బస్సులనుండి దిగిన పిల్లలకు పాఠములు చెప్పినవారము. నేటి మా ప్రసంగమునకు విషయము కళాశాల విద్యార్థుల మనస్సుపై పడు ఒత్తిడి, వారి ఆరోగ్యము. ఈ విషయమున సలహాలకు కొఱత లేదు. వేకువనే లెమ్ము, ధ్యానము చేయుము, పండ్లు తినుము, దిగులు పడకుము అని చెప్పువారు ఎందఱో కలరు. మంచి మాటలే. కాని మొదటి బస్సు తప్పిపోవునను భయముతో అయిదు గంటలకే లేచు పిల్లవానికి వేకువనే లెమ్మని చెప్పిన ఏమి ప్రయోజనము? కావున సలహాలకు ముందు, ఈ పిల్లలు పుస్తకముల సంచితోబాటు ఇంకేమి మోయుచున్నారో కొంచెము చూతము.

ఒత్తిడి అను మాటను మనము వ్రాతలో వాడుదుము గాని యిండ్లలో వినబడు మాట 'టెన్షన్'. అది ఎప్పుడో తెలుగు మాట యైపోయినది. 'టెన్షన్ పడకు' అని ప్రతి తండ్రియు కొడుకుతో అనును. ఆ మాట వినిన పిదప టెన్షను తగ్గిన పిల్లవానిని మేమింతవఱకు చూడలేదు.

శాస్త్రములో ఈ భావమును స్థిరపఱచినవాడు హాన్స్ సెల్యీ అను వైద్యుడు. హంగరీలో పెరిగి, కెనడా దేశపు మాంట్రియలు నగరమున పరిశోధనలు చేయుచు, ఆయన 1936లో 'నేచర్' అను పత్రికలో ఒక చిన్న లేఖ ప్రకటించెను. ఎలుకలను చలిలో నుంచినను, గాయపఱచినను, మితిమీరి పరుగెత్తించినను వాని దేహములు ఇంచుమించు ఒకే తీరున స్పందించుట ఆయన గమనించెను. మొదట దేహము ఉలికిపడును. తరువాత తన బలమునంతయు కూడగట్టుకొని యెదిరించి నిలుచును. కారణము తొలగక అట్లే యున్నచో కొంతకాలమునకు అలసి లొంగిపోవును. పరీక్షనాటి యుదయమున గుండె వేగముగా కొట్టుకొనుట ఈ మూడింటిలో మొదటిది. దానికి భయపడవలసిన పని లేదు. ఆపాటి ఉలికిపాటు లేనివాడు ప్రశ్నపత్రమును శ్రద్ధగా చదువడు.

మూడవ స్థితి మాట వేఱు. జహీరాబాదు ప్రాంతమున చెరకు పండించు రైతులకు మేమిది విడమఱచి చెప్పనక్కఱలేదు. పూర్వము చెరకు నిండిన బండికి ఎద్దులను కట్టినప్పుడు అవి మెడలు బిగించి లాగెడివి. ఫ్యాక్టరీ గేటువద్ద కాడి విప్పగానే మేత మేసి నెమరు వేసెడివి. అంత బరువు లాగిన ఎద్దు మఱునాడు మరల లాగుటకు సిద్ధముగా నుండెడిది. బరువు దింపక, కాడి విప్పక రాత్రియంతయు నిలువబెట్టినచో ఎంత బలిష్ఠమైన ఎద్దయినను తెల్లవారునప్పటికి కూలబడును. మన పిల్లలలో కొందఱకు కాడి విప్పు వేళ లేకుండ పోయినది. మేము చెప్పదలచిన దిదియే.

ఎందుచేత లేకుండ పోయినది? కారణములు చాల గలవు. అన్నియు సమానముగా ముఖ్యమైనవి కావు. పదవ తరగతివఱకు తెలుగులోనో ఉర్దూలోనో చదివిన పిల్లవాడు పై చదువునకు రాగానే వాణిజ్యమును, రసాయనశాస్త్రమును ఇంగ్లీషు పుస్తకములలో చదువవలసి వచ్చును. తన మాటలో చక్కగా చెప్పగలిగిన విషయమే పరభాషలో తెలియనిదై కూర్చుండును. తన తెలివి తగ్గినదని వాడనుకొనును. తగ్గినది తెలివి కాదు. ఈ సంగతి వానికి చెప్పువారుండరు. ఇంటిలో మొదటిసారిగా కళాశాల ముఖము చూచినవాడు వాడే యైనప్పుడు, అన్నయో అక్కయో కూర్చుండి చెప్పుట కూడ ఉండదు.

2016లో తెలంగాణలోని విశ్వవిద్యాలయములు డిగ్రీ తరగతులకు సెమిస్టరు పద్ధతిని పెట్టినవి. అందులో మంచి లేకపోలేదు. కాని పూర్వము ఏడాదికొకసారి వచ్చు పరీక్ష ఇప్పుడు ఆరు నెలలకొకసారి వచ్చుచున్నది. తప్పిన పేపరును పిల్లలు 'బ్యాక్‌లాగ్' అందురు. మొదటి సెమిస్టరులో తప్పిన పేపరు రెండవ సెమిస్టరు చదువుమీద కూర్చుండును. ఆ రెండును కలిసి మూడవదానిమీద కూర్చుండును. ఫీజు రీయింబర్సుమెంటు సొమ్ము ఆలస్యమైన యేడు ఆ దిగులు వేఱు. ఆడపిల్ల యైనచో ఇంకొకటి యుండును. కొన్ని యిండ్లలో ఆమె ఒక పేపరు తప్పినదనగానే సంబంధములు చూచుట మొదలగును. అన్నకు బ్యాక్‌లాగ్ బ్యాక్‌లాగే, చెల్లెలికి అది పెండ్లిపత్రిక.

ఇక మా తప్పు నొకదానిని చెప్పుకొందుము.

మా తరగతిలో ఒక పిల్లవాడు చివరి బల్లమీద కూర్చుండి నిద్రపోవుచుండెడివాడు. ఒకసారి, రెండుసార్లు చూచి చూడనట్లుంటిమి. మూడవనాడు పదిమంది యెదుట, 'నిద్రకు మీ యిల్లు చాలలేదా?' అంటిమి. అందఱు నవ్విరి. వాడును నవ్వెను. ఆ మఱుసటి వారమునుండి వాడు తరగతికి రాలేదు. హాజరు పట్టికలో మేము గైర్హాజరు గుర్తులు పెట్టుచు పోతిమి. రెండు నెలలు గడచిన పిదప వాని యూరి పిల్ల యొకతె వచ్చి చెప్పినది: వాడు ప్రతిదినము మొదటి బస్సులోనే వచ్చుచున్నాడట. బస్సుస్టాండులో దిగి, నడచి రైల్వేస్టేషనునకు పోయి, మధ్యాహ్నమువఱకు అక్కడి బల్లమీద కూర్చుండి, కళాశాల విడుచు వేళకు మరల బస్సెక్కి యింటికి పోవుచున్నాడట.

మేము వెళ్లితిమి. వాడక్కడనే యుండెను. ఏమి అడుగవలెనో మాకు తోచలేదు. ఇన్నేండ్లు పాఠములు చెప్పినవారమే గాని ఒక పిల్లవాని ప్రక్కన మాటలేక కూర్చుండుట మాకు అలవాటు లేదు. ఎట్లో కూర్చుంటిమి. వికారాబాదు వైపునుండి ఒక బండి వచ్చి, ఆగి, పరళి వైపు సాగిపోయినది. అది పోయిన తరువాత వాడు, 'ఇంట్ల చెప్పలే సార్' అనెను.

చెప్పనిది రెండు పేపర్ల సంగతి. మొదటి సెమిస్టరులో వాడు రెండు పేపర్లు తప్పెను. అన్నియు పాసైతినని యింటిలో చెప్పెను. ఒకసారి ఆ మాట చెప్పిన పిదప దానిని నిలుపుటకు ప్రతిదినము మఱియొక మాట కావలసి వచ్చెను. తరగతిలో నిద్రకు కారణము చెరకుతోట. రాత్రులందు అడవిపందులు పడకుండ తండ్రితో వంతులవారీగా కావలి కాయుచుండెను. ఈ రెండింటిలో నిద్ర లేమి వానికి బరువుగా తోచలేదు. అబద్ధమే బరువైనది.

ఆ సాయంకాలము మేమును వానితో బస్సెక్కితిమి. ఇంటిముందఱ తండ్రి మంచము వాల్చి కూర్చుండబెట్టెను. పిల్లవాడు గోడవైపు తిరిగి రెండు మాటలలో చెప్పివేసెను. తండ్రి కొంతసేపు ఊరకుండి, 'రెండు పేపర్లేనా బిడ్డా? నేను ఇంకేమో అనుకున్న. నువ్వు బుక్కెడు అన్నం తింటలేవని మీ అమ్మ మూడు నెలల సంది ఏడుస్తున్నది' అనెను.

ఇంటివారికి పేపర్ల సంగతి తెలియదు. కాని ఏదో యున్నదని మూడు నెలలుగా తెలియును. తెలిసియు అడుగలేదు. ఏమని అడుగవలెనో వారికిని తెలియలేదు. ఆ యింటిలో ఎవరును చెడ్డవారు కారు. నలుగురును ఒకరి దిగులు ఒకరికి కనబడకుండ దాచుకొనుచు ఒకే కప్పు క్రింద మూడు నెలలు గడపిరి.

ఆ పిల్లవాడు మరల తరగతికి వచ్చెను. తప్పిన పేపర్లలో ఒకటి తరువాతి పరీక్షలో పాసయ్యెను, రెండవదానికి ఇంకొక పర్యాయము పట్టినది. మా మాటను మేము వానియెదుట వెనుకకు తీసికొంటిమి. నలువదిమంది యెదుట అన్న మాటను స్టేషను బల్లమీద ఒక్కని యెదుట తీసికొనుట చాలదని మాకు తెలియును.

అన్ని కథలు ఇంటిముందఱ మంచముమీద ముగియవు. 2019 ఏప్రిల్ 18న తెలంగాణలో ఇంటర్మీడియెటు ఫలితములు వెలువడినవి. తరువాతి దినములలో ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. ఆ ఫలితములలో తప్పులున్నవని పిమ్మట బయటపడినది. తెలుగు పరీక్షలో 99 మార్కులు వచ్చిన ఒక విద్యార్థినికి సున్న అని ప్రకటించిరి. తప్పినవారందఱి జవాబుపత్రములను రుసుము లేకుండ మరల పరిశీలింతుమని ప్రభుత్వము ప్రకటింపవలసి వచ్చినది. దేశమంతటి లెక్క చూచినచో జాతీయ నేర గణాంక సంస్థ 2022వ సంవత్సరమునకు ప్రకటించిన సంఖ్య 13,044. వీరందఱు విద్యార్థులు.

ఇట్టి మరణములకు ఒక్క కారణము చెప్పుట తప్పు. మనస్సులోని జబ్బు, ఇంటి స్థితి, ఒంటరితనము, అప్పు, అవమానము కొన్ని కొన్ని చోట్ల కొన్ని కొన్ని పాళ్లలో కలిసి యుండును. పరీక్షయే చంపినదని వ్రాయు పత్రికలతో మేము ఏకీభవింపము. ఆ మాట చదివి, పరీక్ష తప్పినచో చావవలసినదే కాబోలునని ఇంకొక పిల్లవాడు అనుకొను ప్రమాద మున్నది. కాని 99కి సున్న పడిన సంగతిని మాత్రము ప్రతి యింటను చెప్పుకొనవలెను. మార్కుల కాగితమును తయారుచేయునది మనుష్యులు, యంత్రములు. ఈ రెండును పొరపాటు పడును. అట్టి కాగితము చేతికి వచ్చిననాడు చేయవలసినది మరల లెక్క పెట్టించుట. తప్పినది నిజమే యైనచో మరల వ్రాయుట.

ఇంతకును ఒక్క కాగితమునకు ఇంత బలమెట్లు వచ్చినది? ఇల్లంతయు దానిమీదనే విత్తనము చల్లుటచేత వచ్చినదని మాకు తోచును. ఇచ్చట జహీరాబాదు చుట్టుపట్ల రైతు స్త్రీలు చేయు సేద్యమును గూర్చి చెప్పుట అవసరము. పస్తాపూరు కేంద్రముగా 1983లో స్థాపితమైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములలో చేరిన స్త్రీలు, వారిలో పెక్కుమంది దళిత స్త్రీలు, వానకు నోచని ఎఱ్ఱచెలకలలో ఒక్క పంటను నమ్ముకొనరు. ఒకే చేనిలో జొన్న, కంది, సజ్జ, కొర్ర, అనుము, పెసర, పుంటికూర కలిపి విత్తుదురు. వాన ముందు వచ్చి తరువాత ముఖము చాటువేసినచో కొన్ని పోవును, కొన్ని నిలుచును. కొర్ర ముందుగా ఇంటికి వచ్చును, కంది చలికాలమువఱకు చేనిలో నుండును. ఏ యేడును చేను పూర్తిగా ఉత్తచేతులు చూపదు. ఈ సేద్యమునకు, ఈ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమమువారు ఈక్వేటర్ బహుమతి నిచ్చిరి. ఫలితముల దుఃఖమును, ఈ బహుమతిని చూచినది ఒకే సంవత్సరము, ఒకే రాష్ట్రము.

చేనిలో ఇంత జాగ్రత్తగా నున్న తల్లి, కొడుకు చదువునొద్దకు వచ్చునప్పటికి ఒక్క పంటనే విత్తును. డిగ్రీ, ఆ వెంటనే ఉద్యోగము, దానితోనే అప్పు తీఱుట, దానితోనే చెల్లెలి పెండ్లి. ఆ పిల్లవాడు డ్రిప్పు గొట్టములు బిగించుట నేర్చినను, ట్రాక్టరు మరమ్మతు నేర్చినను, మూడు భాషలు తడబడకుండ మాటాడినను అవి యేవియు లెక్కలోనికి రావు. మూడు భాషలు వచ్చుట చిన్న విద్య కాదు. ట్రాక్టర్లు తయారుచేయు కర్మాగారము తన యూరిలోనే యున్నవానికి మరమ్మతు తెలియుటయు చిన్న విద్య కాదు. చదువు వలదని మా భావము కాదు, మేము చదువు చెప్పి బ్రతికినవారము. ఒక్క పేపరు పోయిననాడు ఇంటిలో మిగిలిన పంటలేవో పిల్లవానికి కనబడవలెనని మాత్రమే మా కోరిక.

ఇప్పుడు దేహమును గూర్చి కొంత. ఇందులో క్రొత్త లేదు, కాని పిల్లలు నమ్మని మాట యొకటి కలదు, అది నిద్ర. పరీక్షల కాలములో నిద్ర మానుట శౌర్యముగా చెప్పుకొందురు. 1924లో జెన్కిన్స్, డాలెన్‌బాక్ అను ఇద్దరు అమెరికా మనస్తత్త్వశాస్త్రజ్ఞులు ఇద్దరు కళాశాల విద్యార్థులచేత అర్థములేని అక్షరముల కూర్పులను వల్లెవేయించిరి. కొన్ని దినములు వల్లెవేసిన పిమ్మట నిద్రపోనిచ్చిరి, కొన్ని దినములు మెలకువగా నుంచిరి. అన్నే గంటలు గడచిన తరువాత అడుగగా నిద్రపోయినప్పుడే వారికి ఎక్కువ జ్ఞాపకమున్నది. ఇద్దరేనా యని మీరు నవ్వవచ్చును. తరువాతి నూఱేండ్లలో ఎన్నో విధముల జరిగిన పరిశోధనలు నిద్ర జ్ఞాపకమునకు అవసరమనియే చెప్పినవి. పగలు చదివినదానిని మెదడు నిద్రలో గట్టిపఱచుకొనును. రాత్రియంతయు మేలుకొని చదువుట, కోసిన పంటను కళ్లములోనే విడిచివచ్చుట వంటిది. చేతిలోని ఫోను ఈ నిద్రకు పెద్ద శత్రువు. దానిని పండుకొను గదిలో గాక వంటయింటిలో పెట్టి ఛార్జి చేసికొను ఏర్పాటు పిల్లలకు మాత్రమే గాక పెద్దలకును మేలు.

చదువు తీరును గూర్చి ఒక్క మాట. పుస్తకము తెఱచి పదిసార్లు చదువుటకంటె, ఒకసారి చదివి మూసి, జ్ఞాపకమున్నది చెప్పుకొనుట మేలు. 2006లో రోడిగర్, కార్పికె అను శాస్త్రజ్ఞులు విద్యార్థులమీద ఈ సంగతి పరీక్షించి చూపిరి. మరల మరల చదివినవారు అయిదు నిమిషముల తరువాత ఎక్కువ చెప్పగలిగిరి. వారము దినముల తరువాత మూసి చెప్పుకొన్నవారే ముందుండిరి. పరీక్ష వచ్చునది వారము తరువాతనే గదా! బస్సులో ప్రక్కన కూర్చున్న స్నేహితునకు తెలుగులోనో ఉర్దూలోనో పాఠము చెప్పి, తరువాత దానినే ఇంగ్లీషులో వ్రాసి చూచుకొన్న పిల్లలు మా యెఱుకలో బాగుపడిరి. భాష భయము పోవుటకు ఇంతకంటె మంచి యుపాయము మాకు తెలియదు.

మొదటి బస్సులో వచ్చు పిల్లలలో చాలమంది ఏమియు తినక వత్తురు. వేకువన ఆకలి వేయదు, వండుటకు వేళ యుండదు. పది గంటలకు టీ, బిస్కెట్టు. పండ్రెండు గంటలకు తల తిరుగుటను దిగులని వారనుకొందురు, అది ఆకలి. రాత్రి చేసిన జొన్నరొట్టె రెండు కట్టుకొని రావచ్చును. జొన్నరొట్టె డబ్బా తెఱచుటకు సిగ్గుపడు పిల్లలను మేము చూచితిమి. జహీరాబాదులో జొన్నరొట్టెకు సిగ్గుపడుటయా!

ఇవి యన్నియు కాడి విప్పుటకు సాయపడును. కాని కొందఱి విషయమున ఇవి చాలవు. రెండు వారములకు మించి నిద్ర పట్టకున్నను, ఎప్పుడును ఇష్టపడు పనిమీద మనస్సు పోకున్నను, స్నేహితులను తప్పించుకొని తిరుగుచున్నను, ప్రియమైన వస్తువులను ఊరక పంచిపెట్టుచున్నను, 'నేను లేకపోతే మీకు మంచిది' వంటి మాట నోట వచ్చినను అది బద్ధకము కాదు, పొగరును కాదు. అప్పుడు అడుగవలెను. చావవలెనని మనస్సులో వచ్చుచున్నదా యని స్పష్టముగానే అడుగవలెను. అడుగుటచేత లేని ఆలోచన పుట్టునని పెద్దలు భయపడుదురు. అట్లు పుట్టదని వైద్యులు చెప్పుచున్నారు. అడిగినచో ఆ పిల్లవానికి బరువు కొంత దిగును. అవునని చెప్పినచో ఒంటరిగా విడువరాదు, తిట్టరాదు, ఒట్టు పెట్టించుకొని ఊరకుండరాదు. ప్రక్కన నుండి, వైద్యునియొద్దకు కొనిపోవలెను.

ఎవరికి ఫోను చేయవలెనో తెలియనివారికి 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ అను ఏర్పాటు కలదు. దాని సంఖ్య 14416. వ్రాసికొనుడు: ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆఱు. పగలును రాత్రియు పలుకును, రుసుము లేదు, తెలుగులోనే మాటాడవచ్చును. పిల్లవాడే చేయనక్కఱలేదు, తల్లియో స్నేహితుడో చేసి యేమి చేయవలెనని అడుగవచ్చును.

మన జిల్లాలలో దీనికి పెద్ద అడ్డంకి యొక మాట. ఎవడైనను కొంచెము వేఱుగా ప్రవర్తించినచో 'ఎఱ్ఱగడ్డకు పంపాలె' అని నవ్వుట మన కలవాటు. హైదరాబాదులోని ఎఱ్ఱగడ్డయందు మానసిక చికిత్సాలయ మున్నది గనుక ఆ మాట పుట్టినది. అక్కడ వైద్యులు రోగులకు నయము చేయుచున్నారు. ఆస్పత్రి పేరును తిట్టుగా మార్చినవారము మనము. ఆ తిట్టు వినుచు పెరిగిన పిల్లవాడు తన మనస్సు బాగులేదని ఎవరితో చెప్పును? పోలీసుల భయము మఱియొకటి. 2018 మే 29న అమలులోనికి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, ప్రాణము తీసికొన యత్నించినవానిని తీవ్రమైన ఒత్తిడిలో నున్నవానిగా భావింపవలెనని, అట్టివానికి చికిత్స, సంరక్షణ ఏర్పాటు చేయుట ప్రభుత్వ బాధ్యత యని చెప్పుచున్నది. అందుచేత ఆస్పత్రికి పోవుటకు జంకనక్కఱలేదు.

కళాశాలలకును ఇప్పుడు బాధ్యత కలదు. విశాఖపట్టణమున వైద్యవిద్య ప్రవేశపరీక్షకు చదువుకొనుచుండిన ఒక బాలిక 2023లో మరణింపగా, ఆమె తండ్రి న్యాయస్థానముల మెట్లెక్కెను. ఆ వ్యాజ్యములో 2025 జూలై 25న సుప్రీంకోర్టు దేశమందలి విద్యాసంస్థలన్నింటికిని నియమములు విధించెను. నూఱుగురు లేక అంతకు మించి విద్యార్థులున్న సంస్థ శిక్షణ పొందిన సలహాదారు నొకరినైనను నియమింపవలెను. మార్కులనుబట్టి పిల్లలను వేఱు వేఱు గుంపులుగా విడదీయరాదు, పదుగురిలో అవమానింపరాదు. సహాయసంఖ్యలు అందఱికి కనబడునట్లు వ్రాసిపెట్టవలెను. మీ పిల్లవాని కళాశాలకు పోయినప్పుడు 14416 గోడమీద వ్రాసియున్నదా యని చూడుడు. లేనిచో ఎందుకు లేదని మర్యాదగా అడుగుడు. 'పదుగురిలో అవమానింపరాదు' అను నియమమును చదివినప్పుడు మాకు చివరి బల్ల జ్ఞాపకమునకు వచ్చినది.

రేడియో వినుచున్న మీకు ఇంకొక సంగతి చెప్పి ముగింతుము. ఝరాసంగము మండలములోని మాచ్‌నూరు గ్రామమున 2008 అక్టోబరు 15న సంగం రేడియో అను ప్రసారకేంద్రము ప్రారంభమైనది. నడిపినవారు పస్తాపూరు సంఘముల దళిత స్త్రీలే. బడిచదువులు లేనివారు ఆ ప్రాంతపు మాటలోనే విత్తనములను గూర్చి, పాటలను గూర్చి, పిల్లల జబ్బులను గూర్చి మాటాడిరి. వారిని మాటాడించుటకు చేసిన పని చాల చిన్నది. ఎదుట ఒకరు కూర్చుండి, మైకు పెట్టి, మధ్యలో అడ్డు రాక వినిరి. అంతకుముందు తమకు చెప్పుటకేమియు లేదనుకొన్నవారే గంటలకొలది చెప్పిరి. చుట్టుప్రక్కల పల్లెలు వినినవి.

అవే పల్లెలనుండి మొదటి బస్సు బయలుదేరును. అదే బస్సు సాయంకాలము అయిదు, అయిదున్నరకు తిరిగివచ్చును. పిల్లవాడు సంచి దింపి కాళ్లు కడుగుకొని లోపలికి వచ్చును. ఆ వేళ మన యిండ్లలో సాధారణముగా అడుగు ప్రశ్న, 'ఎన్ని మార్కులు వచ్చినయ్?' అనునది. మేము ఆ యింటికి వెళ్లివచ్చిన తరువాత ఆ తల్లి ఒక ప్రశ్న అడుగుట మొదలుపెట్టినదని ఆ పిల్లవాడే మాతో చెప్పెను. రొట్టె ముందు పెట్టి, ప్రక్కన కూర్చుండి, 'ఇయ్యాల బస్సుల సీటు దొరికిందా బిడ్డా?' అని అడుగునట. దొరికినదో లేదో చెప్పుటతో మొదలుపెట్టి తాను చాలసేపు మాటాడుచుందునని వాడు చెప్పెను.